లెగో ముక్కలతో తనంతట తానే మారే గేర్‌బాక్సు: రూపకల్పన, కూర్పు, పరీక్ష

లెగో టెక్నిక్ (గేర్లు, ఇరుసులతో కదిలే లెగో బొమ్మల వరుస) కార్లలో గేర్‌బాక్సు ఉండడం కొత్త సంగతి కాదు. 1994లో వచ్చిన 8880 సూపర్ కారులోనే నాలుగు గేర్ల పెట్టె ఉంది. 2018 నాటి 42083 బుగాటి షిరాన్‌లో ఎనిమిది గేర్లు ఉన్నాయి. అయితే ఆ రెండింటిలోనూ గేరు మార్చేది మీ చెయ్యే. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు పెరిగిందని గ్రహించి తనంతట తానే చిన్న గేరులోకి దిగి, చదునైన నేల రాగానే మళ్లీ పెద్ద గేరు అందుకునే పెట్టెను తయారుచేయాలంటే, పళ్ల లెక్క తెలిస్తే సరిపోదు. పళ్ల లెక్క నిజానికి అరగంట పని. బరువును ఎక్కడ కొలవాలి, ఏ క్షణంలో మారాలి, మారాక వెంటనే వెనక్కి రాకుండా ఎలా ఆపాలి అన్న మూడు ప్రశ్నల దగ్గరే చాలామంది పెట్టెలు ఆగిపోతాయి. అందువల్ల ఈ వ్యాసంలో రెండు గేర్ల పెట్టెనొకదాన్ని మొదటి నుంచి చివరి దాకా కూర్చి, దాని లోపాన్ని అంకెలతో చూసి, ఆ లోపం లేని రెండో పద్ధతిని ఆ తరువాత పరిశీలిద్దాం.

వేగాన్ని కాదు, బరువునే ఎందుకు కొలవాలి

మన వీధుల్లో తిరిగే గేర్లు లేని స్కూటర్లు ఇంజను వేగాన్ని బట్టి మారతాయి: తిరుగుతున్న గుండ్లు బయటకు తోసుకుపోయి బెల్టు స్థానాన్ని మారుస్తాయి. ఆ పద్ధతినే బొమ్మలోనూ వాడవచ్చని తోచడం సహజమే, కానీ లెక్క వేసి చూస్తే ఆశ వదులుకోవలసి వస్తుంది. లెగో వారి మధ్య రకం మోటారు (పవర్ ఫంక్షన్స్ ఎం) బరువేమీ లేనప్పుడు నిమిషానికి దాదాపు 400 చుట్లు తిరుగుతుంది. ఇరుసుకు 2 సెంటీమీటర్ల దూరంలో 5 గ్రాముల ముక్కను కట్టి ఆ వేగంతో తిప్పితే, అది బయటకు లాగే బలం సుమారు 18 గ్రాముల బరువుకు సమానం. గేరును జరపడానికి ఆ బలం చాలదు. ఈ బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, నిమిషానికి వేల చుట్లు తిరిగే ఇంజనుకు కుదిరిన పద్ధతి మన మోటారుకు కుదరదు. బొమ్మకు నమ్మదగిన సంకేతం ఒక్కటే: చక్రం మీద పడే బరువు, అంటే ఇరుసుకు అవసరమయ్యే టార్కు (తిప్పే బలం).

ముక్కల కొలతలు

టెక్నిక్ బీముల్లో (రంధ్రాలున్న పట్టీల్లో) ఒక రంధ్రం మధ్య నుంచి పక్క రంధ్రం మధ్యకు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. దీన్నే ఒక స్టడ్డు అంటారు. లెగో గేర్లకు ఒక చక్కని గుణం ఉంది: పళ్లు ఎన్నో, పట్టు వ్యాసం (రెండు గేర్ల పళ్లు కలిసే వృత్తపు వ్యాసం) అన్ని మిల్లీమీటర్లు. కాబట్టి రెండు గేర్ల పళ్లను కూడి 16తో భాగిస్తే, వాటి ఇరుసుల మధ్య ఉండవలసిన దూరం స్టడ్లలో వచ్చేస్తుంది. 24, 24 పళ్ల గేర్లకు 48ని 16తో భాగిస్తే 3. 12, 36 పళ్ల వాటికీ 3 స్టడ్లే. 20, 28 జతకూ అంతే. ఒకే దూరంలో ఇన్ని నిష్పత్తులు దొరకడం మన అదృష్టం, ఎందుకంటే గేర్‌బాక్సు అంటేనే ఒకే జత ఇరుసుల మధ్య వేరు వేరు నిష్పత్తులను అమర్చడం. 16, 24 జతకు మాత్రం రెండున్నర స్టడ్లు వస్తుంది. సగం స్టడ్డు దూరాలను తప్పించలేని చోట తప్ప వాడకండి.

మన మొదటి పెట్టెకు 1:1 పెద్ద గేరు (మోటారుతో సమానంగా చక్రాల ఇరుసు తిరిగేది), 1:3 చిన్న గేరు (మోటారు మూడు చుట్లకు చక్రాల ఇరుసు ఒక చుట్టు, బలం మూడింతలు) పెట్టుకుందాం. కావలసిన ముక్కలివి: మామూలు 24 పళ్ల గేర్లు నాలుగు, 24 పళ్ల క్లచ్ గేరు ఒకటి, రెండు వైపులా అంచు వాలుగా ఉండే రకంలో 12 పళ్లది ఒకటి, 36 పళ్లది ఒకటి, ఐదు రంధ్రాల బీములు రెండు, ఫ్రేముకు తొమ్మిది రంధ్రాల బీములు నాలుగు, తగిన ఇరుసులు, పిన్నులు, బుష్షులు (ఇరుసు మీద ముక్కలు జరగకుండా ఆపే చిన్న ఉంగరాలు), సన్నని రబ్బరు బ్యాండు ఒకటి. వీటిలో కొత్తవారికి పరిచయం లేనిది క్లచ్ గేరు. చూడడానికి మామూలు 24 పళ్ల గేరులాగే ఉన్నా, దాని నడుమ భాగం ఇరుసును పట్టుకుంటుంది, పళ్లున్న వలయం మాత్రం పరిమితికి మించిన బలం తగిలితే జారిపోతుంది. ఆ పరిమితి గేరు మీదనే అచ్చు వేసి ఉంటుంది: 2.5 నుంచి 5 న్యూటన్-సెంటీమీటర్లు. ఈ కొలతను ఇకపై యూనిట్లు అంటాను.

పని చేసే తీరు

మోటారు ఇరుసు నుంచి చక్రాల ఇరుసుకు రెండు దారులు ఉంటాయి, రెండూ ఎప్పుడూ కలిసే ఉంటాయి. పెద్ద గేరు దారిలో క్లచ్ గేరు ఉంటుంది. చిన్న గేరు దారిలో ఒకే దిశలో బలాన్ని అందించే ఏర్పాటు ఉంటుంది. సైకిలు వెనుక చక్రంలోని ఫ్రీవీల్‌ను తలచుకోండి: తొక్కితే చక్రాన్ని తిప్పుతుంది, తొక్కడం మానినా చక్రం టిక్కుటిక్కుమంటూ ముందుకు పోతూనే ఉంటుంది. బరువు తక్కువగా ఉన్నప్పుడు క్లచ్ జారదు, చక్రాల ఇరుసు మోటారుతో సమానంగా తిరుగుతుంది; చిన్న గేరు దారి దానికంటే మూడు రెట్లు నెమ్మది కాబట్టి ఫ్రీవీల్ లాగా వెనకబడి టిక్కుమంటూ ఉంటుంది. బరువు క్లచ్ పరిమితి దాటగానే క్లచ్ జారుతుంది, చక్రాల ఇరుసు నెమ్మదిస్తుంది. దాని వేగం మోటారు వేగంలో మూడో వంతుకు పడిపోగానే చిన్న గేరు దారి దాన్ని అందుకుని మోయడం మొదలుపెడుతుంది. బరువు తగ్గితే క్లచ్ మళ్లీ పట్టుకుంటుంది. మీట లేదు, స్ప్రింగు లేదు, ఎవరూ నిర్ణయం తీసుకోనక్కరలేదు.

కూర్చే క్రమం

పెట్టెను మీ ఎదురుగా నిలబెట్టి చూస్తున్నట్టు ఊహించుకోండి. ఇరుసులన్నీ మీ వైపుకు పొడుచుకు వస్తాయి, నాలుగూ మూడు స్టడ్ల చదరం మూలల్లో ఉంటాయి. కింద ఎడమ మూలలోది మోటారు ఇరుసు. కింద కుడి మూలలోది మధ్యవర్తి ఇరుసు. పైన కుడి మూలలోది చక్రాల ఇరుసు. పైన ఎడమ మూలలోది ఊగే ఇరుసు. దీనికి ఫ్రేములో రంధ్రం ఉండదు, ఒక చేతి మీద వేలాడుతుంది.

మొదట ఫ్రేము. ముందూ వెనుకా ఒక్కో తొమ్మిది రంధ్రాల బీమును అడ్డంగా పెట్టండి; ఎడమ నుంచి ఒక రంధ్రాన్ని మోటారు ఇరుసుకు ఎంచుకుంటే, అక్కడి నుంచి మూడు రంధ్రాలు కుడికి జరిగితే మధ్యవర్తి ఇరుసు వస్తుంది. ఈ అడ్డ బీములకు బయటి వైపున మరో రెండు బీములను నిలువుగా బిగించి, మధ్యవర్తి రంధ్రం రెండింటిలోనూ ఒకే చోటికి వచ్చేలా చూడండి. నిలువు బీములో దానికి మూడు రంధ్రాల పైన చక్రాల ఇరుసు కూర్చుంటుంది. పై ఎడమ మూల ఖాళీగా ఉండాలి, ఊగే చేతికి అదే చోటు. ముందు, వెనుక అడ్డ బీముల మధ్య ఐదు స్టడ్ల ఖాళీ వదలండి, ఎందుకంటే లోపల ఐదు వరుసలు వస్తాయి.

ముందు నుంచి వెనక్కు ఆ వరుసలను ఇలా నింపండి. మొదటి వరుసలో ఐదు రంధ్రాల బీము ఒకటి: దాని మొదటి రంధ్రంలో మోటారు ఇరుసు, నాలుగో రంధ్రంలో ఊగే ఇరుసు. ఇదే ఊగే చేయి. రెండో వరుసలో మోటారు ఇరుసు మీద 12 పళ్ల గేరు, ఊగే ఇరుసు మీద 36 పళ్ల గేరు. మూడో వరుసలో ఊగే ఇరుసు మీద ఒక 24, చక్రాల ఇరుసు మీద ఒక 24. మోటారు ఇరుసు మీద ఇక్కడ బుష్షు మాత్రమే ఉంటుంది. నాలుగో వరుసలో ఊగే చేతికి రెండో బీము, మొదటిదానికి జోడుగా. ఐదో వరుసలో మోటారు ఇరుసు మీద క్లచ్ గేరు, మధ్యవర్తి ఇరుసు మీద ఒక 24, చక్రాల ఇరుసు మీద మరో 24. మిగిలిన ఖాళీలను బుష్షులతో నింపండి.

చక్రాల ఇరుసు మీద రెండు 24లు ఎందుకు, ఒకటే చాలదా అని అడిగేవారుంటారు. మొదటిసారి నేనూ ఒక గేరు ఆదా చేద్దామనే చూశాను. మూడో వరుసలోని వాటిని ఐదో వరుసలోకి తెస్తే ఊగే ఇరుసు మీది 24 పళ్లు, దానికి సరిగ్గా మూడు స్టడ్ల కింద ఉన్న క్లచ్ గేరు పళ్లలోనూ దిగుతాయి. అప్పుడు ఒకే ఇరుసును 1:1 గానూ 1:3 గానూ తిప్పమని రెండు దారులు పోరాడుకుంటాయి. ఎంతసేపటికీ క్లచ్ కటకటలాడడమే తప్ప ఇంకేమీ జరగదు. రెండు దారులు వేరు వేరు వరుసల్లోనే ఉండాలి.

మధ్యవర్తి ఇరుసు కూడా అలంకారానికి పెట్టినది కాదు. ఒక గేరు మరొకదాన్ని తిప్పిన ప్రతిసారీ దిశ తిరగబడుతుంది. చిన్న గేరు దారిలో 12-36, 24-24 అని రెండు పట్లు ఉన్నాయి, కాబట్టి చక్రాల ఇరుసు మోటారు దిశలోనే తిరుగుతుంది. పెద్ద గేరు దారిలో మధ్యవర్తి లేకపోతే ఒకే పట్టు ఉండి, దిశలు ఎదురెదురవుతాయి. ఏ ఆటోమేటిక్ పెట్టెను గీసుకున్నా, ముక్కలు చేతిలోకి తీసుకోకముందే ప్రతి దారిలోనూ పట్లను లెక్కపెట్టండి: అన్ని దారుల్లోనూ సరి సంఖ్య అయినా ఉండాలి, అన్నింటిలోనూ బేసి అయినా ఉండాలి.

ఊగే చేయి: పెట్టెకు ప్రాణం ఇక్కడే

ముందు వైపు నుంచి చూసినప్పుడు మోటారు ఇరుసు గడియారం ముల్లు దిశలో తిరగాలి. అలా తిరిగినప్పుడు 12 పళ్ల గేరు 36 పళ్ల గేరును నెడుతూనే చేతిని కూడా కుడికి, అంటే చక్రాల ఇరుసు మీది గేరు వైపుకు తోస్తుంది. పళ్లు కలిసి బలం అందడం మొదలయ్యాక ఎదురుబలం కూడా చేతిని అదే వైపుకు నొక్కుతుంది. బరువు ఎంత పెరిగితే పట్టు అంత బిగుస్తుంది. దీనికి విరుద్ధంగా, చక్రాల ఇరుసు వేగంగా తిరుగుతున్నప్పుడు దాని పళ్లు ఊగే గేరును వెనక్కు తన్నేస్తాయి, చేయి ఎడమకు ఎగిరిపడుతుంది. మళ్లీ వస్తుంది, మళ్లీ తన్ను తింటుంది. మీకు వినబడే టిక్కుటిక్కు చప్పుడు అదే.

ఇందులో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. చేయి తిరిగి రావడానికి సన్నని రబ్బరు బ్యాండును చేతి పై భాగం నుంచి నిలువు బీముకు తగిలించండి. బ్యాండు లాగీలాగనట్టు ఉండాలి. బలంగా లాగితే పెద్ద గేరులో పళ్లు అరుగుతాయి, మోటారు శక్తి చప్పుడుకే ఖర్చవుతుంది. రెండోది, చేయి నిలువు గీత దాటి కుడికి పోకుండా అడ్డు పెట్టాలి. లేకపోతే బరువు పెరిగినప్పుడు 24 పళ్లు ఎదుటి గేరు పళ్ల సందుల్లోకి మరీ లోతుగా దిగి, ఆ బిగింపు ఘర్షణకే మోటారు ఆగిపోతుంది. ముందు ఫ్రేముకు చిన్న బీమును జోడించి, మోటారు ఇరుసుకు ఒక స్టడ్డు కుడిగా, రెండు స్టడ్లు పైగా ఒక పొట్టి ఇరుసును నిలిపి దానికి బుష్షు తొడిగితే, చేయి సరిగ్గా నిలువుగా ఉన్నప్పుడు ఆ బుష్షుకు ఆనుతుంది. అడ్డును ఇంకా కింద పెట్టినా ఆనుతుంది కానీ, అక్కడ వెంట్రుకవాసి సందు ఉంటే పైన పళ్ల దగ్గరకు వచ్చేసరికి అది మూడింతలవుతుంది.

మోటారు తగిలించకముందు ఒక చిన్న పరీక్ష చేయండి. చేతిని వేలితో ఎడమకు పట్టి ఉంచి, చక్రాల ఇరుసు చివర చిన్న చక్రం తొడిగి వేలితో ఒక్కసారి తిప్పి వదలండి. క్లచ్, మధ్యవర్తి, మోటారు ఇరుసు అన్నీ కలిసి కనీసం ఒకటి రెండు చుట్లు స్వేచ్ఛగా తిరగాలి. వేలు తీసిన వెంటనే ఆగిపోతే ఎక్కడో బుష్షు బీముకు గట్టిగా ఆనుకుని ఉంది. ప్రతి బుష్షునూ గోరంత వెనక్కు జరపండి. ఇంతటి చిన్న విషయమే పెట్టె పని చేయడానికీ చేయకపోవడానికీ తేడా అవుతుంది.

నీళ్ల సీసాతో పరీక్ష

గేరు ఎంత బరువు దగ్గర మారుతుందో తెలుసుకోవడానికి పరికరాలేమీ అక్కరలేదు. చక్రాల ఇరుసుకు ఒక సెంటీమీటరు వ్యాసార్థం ఉన్న కప్పీ లాంటిది తొడిగి, దానికి గట్టి దారం చుట్టి, దారం చివర అర లీటరు ప్లాస్టిక్ సీసా కట్టండి. పెట్టెను బల్ల అంచున బిగించి సీసాను కిందకు వేలాడదీయండి. ఒక సెంటీమీటరు వ్యాసార్థం మీద 100 గ్రాముల బరువు వేలాడితే, అది దాదాపు ఒక యూనిట్ టార్కు. అంటే సీసాలో పోసే ప్రతి 100 మిల్లీలీటర్ల నీటికీ ఒక యూనిట్ పెరుగుతుంది. ఖాళీ సీసా బరువును మరిచిపోకండి.

నూరు మిల్లీలీటర్లతో మొదలుపెట్టి యాభై చొప్పున పెంచుతూ ప్రతిసారీ సీసాను పైకి లాగించండి. మొదట్లో అది బావిలో నుంచి చేదుతున్న బొక్కెనలాగా చకచకా పైకి వస్తుంది, ఊగే చేయి టిక్కుటిక్కుమంటుంది. ఒక చోట టిక్కులు ఆగి, చేయి బుష్షుకు ఆనుకుని కదలకుండా నిలబడి, సీసా నెమ్మదిగా, మొండిగా ఎక్కుతుంది. నీటి గీత దగ్గర గుర్తు పెట్టుకోండి, మీ క్లచ్ పరిమితి అది. నా దగ్గరున్న రెండు క్లచ్ గేర్లలో పాతది 300 మిల్లీలీటర్లు దాటకముందే జారింది, కొత్తది 400 దాటాక జారింది. చూపులకు రెండింటికీ తేడా లేదు. వాడిన ముక్కలు కొనేవారు ఈ పరీక్ష తప్పక చేసుకోవాలి.

లోపం ఎక్కడుంది

ఇక అంకెలు. ఎం రకం మోటారు పూర్తిగా ఆగిపోయే టార్కు సుమారు 11 యూనిట్లు. అందులో సగం దగ్గర, అంటే అయిదున్నర దగ్గర, అది అత్యధిక శక్తిని ఇస్తుంది. క్లచ్ పరిమితి 4 అనుకుందాం. చిన్న గేరులో ఉన్నప్పుడు కూడా క్లచ్ ఊరుకోదు, జారుతూనే 4 యూనిట్లు తన దారిలో లాక్కుపోతుంది. మిగిలిన ఒకటిన్నర మాత్రమే 1:3 దారిలోకి వెళ్లి నాలుగున్నర అవుతుంది. మొత్తం ఎనిమిదిన్నర. అదే అయిదున్నరా చిన్న గేరు దారిలోకి వెళ్లి ఉంటే పదహారున్నర వచ్చేది. దాదాపు సగం పోయింది. పోయినదంతా క్లచ్ వేడిగా మారుతుంది. చిన్న గేరులో ఎక్కువసేపు నడిపితే క్లచ్ అరిగిపోవడానికీ కారణమిదే.

మోటారును మార్చి చూడండి. పెద్దదైన ఎక్స్ఎల్ మోటారు ఆగే టార్కు 40 యూనిట్ల దాకా ఉంటుంది. అది 20 ఇస్తున్నప్పుడు 4 క్లచ్‌కు పోగా 16 మూడింతలై 48, మొత్తం 52 వస్తుంది. రావలసిన 60తో పోలిస్తే నష్టం చిన్నదే. కానీ ఇప్పుడు మరో చిక్కు వచ్చింది: పెద్ద గేరులోనే 20 యూనిట్లు మోయగల మోటారు 4 దగ్గరే చిన్న గేరులోకి దిగిపోతోంది. దీనికి సులువైన మందు రెండు క్లచ్ గేర్లను మోటారు ఇరుసు మీద పక్కపక్కనే పెట్టడం. మధ్యవర్తి, చక్రాల ఇరుసుల మీద కూడా ఒక్కో 24 చేర్చి, పెట్టెను ఒక స్టడ్డు లోతు పెంచితే, మారే పరిమితి 8 అవుతుంది. మారే చోటును ఆలస్యంగా పెట్టాలా, నష్టాన్ని తగ్గించాలా అన్న ఈ బేరం ఈ పద్ధతిలో ఎప్పటికీ తెగదు. పిల్లలకు పని చేసే తీరు చూపించడానికి ఈ పెట్టెను మించినది లేదు. గదిలో నిజంగా కొండ ఎక్కే బండికైతే రెండో పద్ధతే నయం.

రెండో పద్ధతి: బరువును కొలిచే డిఫరెన్షియల్

ఇందులో గేరు మార్చేది 1994 నుంచి లెగోలో ఉన్న జారే రింగు. ఇరుసుతో పాటు తిరుగుతూ అటూ ఇటూ జరిగే ఆ రింగు, ఏ వైపు క్లచ్ గేరును కరుచుకుంటే ఆ గేరు పని చేస్తుంది. రెండు స్టడ్ల దూరంలో 16-16 జతతో 1:1, 12 పళ్ల గేరు 20 పళ్ల క్లచ్ గేరును తిప్పేలా పెడితే సుమారు 1:1.67 వస్తాయి. పేర్లు ఒకటే అయినా, జారే క్లచ్ గేరుకూ ఈ క్లచ్ గేర్లకూ సంబంధం లేదు: ఇవి ఇరుసు మీద ఊరికే తిరిగే గేర్లు. పాత తరం రింగును కొత్త తరం గేర్లతో కలపకుండా అన్నీ ఒకే తరానివి వాడితే మేలు.

కొత్త సంగతి డిఫరెన్షియల్: తిరిగే గూడు లోపలి గేర్లతో రెండు ఇరుసులను కలిపే ముక్క, కార్లలో రెండు చక్రాలు వేరు వేరు వేగాలతో తిరగడానికి వాడేది. ఒక వైపు 16, మరో వైపు 24 పళ్లున్న పాత రకం డిఫరెన్షియల్‌ను గేర్‌బాక్సుకూ చక్రాలకూ నడుమ పెట్టండి. గేర్‌బాక్సు నుంచి వచ్చే ఇరుసు దాని ఎడమ సగంలోకి, చక్రాలకు పోయే ఇరుసు కుడి సగంలోకి వెళ్లాలి. గూడును తిరగనివ్వకుండా పట్టుకుంటే కుడి ఇరుసు అదే వేగంతో ఎదురు దిశలో తిరుగుతుంది, పట్టుకున్న చేతికి చక్రాల టార్కుకు రెట్టింపు బలం తగులుతుంది. ఆ చేతి పనిని రబ్బరు బ్యాండుకు అప్పగించండి: గూడు మీది 24 పళ్లకు మూడు స్టడ్ల దూరంలో మరో 24 పళ్ల గేరు, దాని ఇరుసుకు ఒక చేయి, ఆ చేతిని అడ్డుకు ఆనించి లాగే బ్యాండు. బరువు బ్యాండును గెలిచిన క్షణాన చేయి కదులుతుంది. అంటే తిరిగే ఇరుసు మీది బరువును తిరగని చేతి మీద చదువుకోగలుగుతున్నాం.

దీన్ని గేర్‌బాక్సుకు ముందు, మోటారు వైపున పెట్టాలని చాలామందికి మొదట తోస్తుంది, ఎందుకంటే అక్కడ చోటు ఎక్కువ. పెట్టకండి. మోటారు వైపున కొలిస్తే, చిన్న గేరులోకి దిగిన మరుక్షణమే మోటారు మీద బరువు తగ్గుతుంది. చేయి ‘బరువు పోయింది’ అనుకుని పెద్ద గేరుకు వెళుతుంది. అక్కడ బరువు మళ్లీ పెరుగుతుంది. బండి ఎత్తు మీద నిలబడి గేర్లు అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంటుంది. చక్రాల వైపున కొలిస్తే, ఎత్తు ఎత్తే కనుక, ఏ గేరులో ఉన్నా చేతికి తగిలే బరువు దాదాపు అంతే.

అయినా ఇంకొక గండం మిగిలి ఉంది. రింగు ఒక గేరును వదిలి రెండోదాన్ని అందుకునే లోపు నడుమ ఏ గేరూ లేని క్షణం ఒకటి ఉంటుంది. ఆ క్షణంలో డిఫరెన్షియల్ గుండా ఏ బలమూ పోదు, చేయి వెంటనే వెనక్కు వస్తుంది, రింగును కూడా తనతో తెచ్చేస్తుంది. అందుకని చేతిని రింగుకు నేరుగా తగిలించకూడదు. రెండింటి మధ్య ఒక మీట పెట్టి, దాని కొనకూ కీలుకు అవతలి వైపున్న ఫ్రేముకూ నడుమ రబ్బరు బ్యాండు కట్టండి. మీట నడిగీత దాటిందంటే బ్యాండే దాన్ని అవతలికి లాగేయాలి, గోడ మీది స్విచ్చు టక్కున పడిపోయినట్టు. మీట నుంచి రింగును జరిపే ముక్కకు మరో చిన్న బ్యాండు ద్వారా పట్టు ఇవ్వండి. చేతికీ మీటకూ మధ్య కొంత వదులు ఉంచండి, చేయి వెనక్కు వచ్చినా మీటను వెంటనే లాగకూడదు.

ఇక్కడ మనకు అనుకోని మేలు ఒకటి జరుగుతుంది. రింగు బరువు మోస్తున్నప్పుడు దాని పళ్లు ఘర్షణతో గేరును పట్టుకుని సులువుగా జరగవు. మామూలుగా ఇది విసుగు పుట్టించే గుణమే. కానీ ఇప్పుడు, చేయి మీటను నడిగీత దాటించేంత సేపూ రింగు పాత గేరునే పట్టుకుని ఉంటుంది, బరువు సంకేతం తెగదు. మీట అవతలికి పడ్డాక సాగిన చిన్న బ్యాండు ఆ ఘర్షణను గెలిచి రింగును ఒక్క ఊపున రెండో గేరులోకి లాగుతుంది. నడుమ ఆగే అవకాశమే ఉండదు. చిన్న బ్యాండు మరీ బలహీనంగా ఉంటే రింగు కదలదు, మరీ బలంగా ఉంటే మీటే నడిగీత దాటదు. రెండు మూడు మందాల బ్యాండులను దగ్గర పెట్టుకుని మార్చి చూడడమే దారి.

దిగే పరిమితికీ ఎక్కే పరిమితికీ మధ్య తేడా ఎంత ఉండాలన్నది ఆ వదులును బట్టి వస్తుంది. సీసా పరీక్ష మళ్లీ చేసి, ఉదాహరణకు 600 మిల్లీలీటర్ల దగ్గర చిన్న గేరులోకి దిగి 400 దాకా తగ్గాక గానీ పెద్ద గేరుకు రాకుండా చూసుకోండి. అర లీటరు సీసా దీనికి చాలదు, లీటరుది తీసుకోండి. తేడా 50 మిల్లీలీటర్లే ఉంటే నేల మీది చాప అంచు తగిలినా గేరు మారిపోతుంది.

మూడు గేర్లు, వెనుక నడక

మొదటి పద్ధతి పెట్టెలను రెండు వరసగా కలిపితే 1:1, 1:3, 1:9 వస్తాయి. అయితే రెండింటిలోనూ ఒకే పరిమితి గల క్లచ్ పెడితే రెండూ ఒకేసారి జారి నడిమి గేరు కనబడదు. మోటారుకు దగ్గరున్న పెట్టెలో రెండు క్లచ్ గేర్లు, చక్రాలకు దగ్గరున్న దానిలో ఒకటి పెట్టండి. క్లచ్ 4 యూనిట్లదైతే చక్రాల వైపు పెట్టె 4 దగ్గర మారుతుంది. ఆ తరువాత మోటారు వైపు పెట్టెకు 8 తగలాలంటే చక్రాల మీద బరువు 4కు తోడు మరో 12, మొత్తం 16 కావాలి. రెండు మార్పుల మధ్య అంత దూరం ఉంటే మూడు గేర్లూ విడివిడిగా వినబడతాయి. దీనికి ఎక్స్ఎల్ మోటారే కావాలి.

వెనుక నడక విషయంలో ఆశ పెట్టుకోకండి. మోటారును ఎదురు దిశలో తిప్పితే ఊగే చేయి ఎడమకు విసిరివేయబడి అక్కడే ఉండిపోతుంది. క్లచ్ దారి ఒక్కటే మిగులుతుంది కాబట్టి, బండి చదునైన నేల మీద వెనక్కు వస్తుంది గానీ ఎత్తు మీదకు వెనక్కు ఎక్కదు. అది కూడా కావాలంటే దిశ మార్చే గేర్లను పెట్టెకు ముందు కాకుండా తరువాత, చక్రాల వైపున పెట్టి, మోటారును ఎప్పుడూ ఒకే దిశలో తిప్పండి.